బడిలో పెట్టిన కార్యక్రమం పనిచేసిందా? మూల్యాంకనం నుంచి మూడేళ్ల ప్రణాళిక దాకా ఒక సమగ్ర మార్గదర్శి

మార్చి దగ్గరపడితే చాలు, స్కూల్ కాంప్లెక్సు (చుట్టుపక్కల బడుల సముదాయం) వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వస్తుంది: పాఠశాల అభివృద్ధి ప్రణాళికలు ఫలానా తేదీలోగా అందజేయాలి అని. హెచ్ఎం (ప్రధానోపాధ్యాయులు) గారు నిరుటి ఫైలు తీసి తేదీ మారుస్తారు, పిల్లల సంఖ్య సరిచేస్తారు, పాఠశాల యాజమాన్య కమిటీ (ఎస్‌ఎంసీ) చైర్మన్ గారితో సంతకం పెట్టించి ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో ఇచ్చేస్తారు. ప్రహరీ గోడ, రెండు అదనపు గదులు, ఒక మరుగుదొడ్డి ఏటా అడుగుతూనే ఉంటారు. ఏడాదంతా నడిపిన చదువు కార్యక్రమం వల్ల పిల్లలకు చదవడం వచ్చిందా రాలేదా అన్నది మాత్రం ఆ ఫైల్లో ఎక్కడా కనిపించదు.

ఫారం బాగాలేదు కాబట్టి ఇలా జరుగుతోందని అనుకోవద్దు. మధ్యప్రదేశ్‌లో చాలా మంచి ఫారాలతో ఈ పని చేసి చూశారు. 1,774 బడుల్లో సమగ్రంగా మదింపు చేశారు, రేటింగులిచ్చారు, బడి బడికీ విడిగా అభివృద్ధి ప్రణాళిక రాయించారు. కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్ అనే ఆర్థికవేత్తలు దాని ఫలితాన్ని కొలిచారు. మదింపులు దాదాపు అన్ని బడుల్లో పూర్తయ్యాయి, రేటింగులు కూడా నిజానికి దగ్గరగానే ఉన్నాయి. కానీ బడి నడిచే తీరులో గానీ, పిల్లల చదువులో గానీ మార్పు రాలేదు. పెరిగిందల్లా కాగితాల పని.

అందుకే ఈ మార్గదర్శి అంతటా ఒకటే పట్టుదల ఉంటుంది. మీరు చేసే మూల్యాంకనం చివరికి టైంటేబుల్లో ఒక్క గంటనైనా మార్చాలి, ఒక మనిషికి ఒక పని అప్పగించాలి. ఈ రెండూ జరగకపోతే పడిన శ్రమంతా బీరువాకే.

ఉదాహరణగా ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలను తీసుకుందాం. ఒకటి నుంచి ఐదు వరకు 84 మంది పిల్లలు, ముగ్గురు టీచర్లు. మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు రోజూ ఒక గంట, తరగతుల వారీగా కాకుండా చదివే స్థాయిని బట్టి గుంపులు చేసి చదువు చెబుతున్నారు. తెలంగాణలో 2022 ఆగస్టు 15న మొదలైన తొలిమెట్టు కావచ్చు, ఆంధ్రప్రదేశ్‌లో నడిచే పునాది అక్షరాస్యత కార్యక్రమం కావచ్చు, ఊళ్లో స్వచ్ఛంద సంస్థ పెట్టినది కావచ్చు, పద్ధతి మారదు. ఇక్కడ వాడే బడి అంకెలన్నీ లెక్క చూపించడానికి వేసుకున్నవే.

మొదటి అడుగు: ఒకే ప్రశ్న రాసుకోండి

"కార్యక్రమం ఎలా ఉంది?" అని అడిగితే "బాగుంది సార్" అనే జవాబే వస్తుంది. ప్రశ్నలో నాలుగు విషయాలు ఉండాలి: ఎవరు, ఏం నేర్చుకోవాలి, ఎప్పటికి, దేనితో పోలిస్తే. మన బడికి ప్రశ్న ఇలా ఉంటుంది: "జూలైలో పేరా చదవలేని 3, 4, 5 తరగతుల పిల్లల్లో ఎంతమంది ఫిబ్రవరికి చదవగలిగారు? ఈ గంట పెట్టకపోయినా అంతమంది చదివేవారా?"

రెండో వాక్యం వదిలేయకండి. పిల్లలు ఎనిమిది నెలల్లో ఎలాగూ కొంత ఎదుగుతారు. ఆ ఎదుగుదలంతా మన ఖాతాలో వేసుకోవడం బడుల్లోనే కాదు, జిల్లా స్థాయి నివేదికల్లో కూడా మామూలైపోయింది.

నిర్ణయం ఎవరిదో కూడా ఇప్పుడే రాసుకోండి. ఫిబ్రవరి ఫలితం చూసి ఆ గంటను ఉంచాలా, మార్చాలా, తీసేయాలా అని తేల్చేది హెచ్ఎం, టీచర్లు, ఎస్‌ఎంసీ అయితే మూల్యాంకనానికి అర్థం ఉంది. పై నుంచి వచ్చిన ఆదేశం ప్రకారం ఏం తేలినా నడపాల్సిందే అయితే, కనీసం ఎలా నడపాలన్నది మన చేతిలో ఉంటుంది. ప్రశ్నను అక్కడికి తిప్పుకోండి.

రెండో అడుగు: గొలుసు గీయండి

ఒక కాగితం మీద ఎడమ నుంచి కుడికి రాయండి. టీచరుకు శిక్షణ, కార్డులు, కథల పుస్తకాలు అందుతాయి. రోజూ గంట జరుగుతుంది. పిల్లవాడు ఆ గంటలో బడిలో ఉంటాడు. తన స్థాయికి తగ్గ పాఠం దొరుకుతుంది. చదవడం వస్తుంది.

ఇందులో ప్రతి కొలికీ విడిగా తెగిపోవచ్చు. ఎక్కువగా తెగేది "రోజూ గంట జరుగుతుంది" అన్న చోటే. స్థాయిని బట్టి బోధన మీద ప్రథమ్ అనే విద్యా స్వచ్ఛంద సంస్థతో కలిసి ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం పలు రాష్ట్రాల్లో చేసిన ప్రయోగాల్లో ఇదే బయటపడింది. బిహార్‌లో టీచర్లకు మెటీరియల్, శిక్షణ ఇచ్చి వదిలేస్తే బడిలో ఫలితం రాలేదు. హరియాణాలో రోజులో ఒక గంటను దానికోసమే కేటాయించి, పర్యవేక్షణ కూడా పెట్టాక పిల్లల భాషలో మెరుగుదల కనిపించింది. పద్ధతి ఒకటే, తేడా అంతా గంటలోనే.

మూడో అడుగు: జూలైలో కొలవండి

దీనికి ఎఫ్‌ఏ, ఎస్‌ఏ (బడిలో పెట్టే నిర్మాణాత్మక, సంగ్రహణాత్మక పరీక్షల) మార్కులు పనికిరావు. రాత పరీక్షలో పక్కవాడి పేపరు చూసి రాసినా, కంఠస్థం చేసి రాసినా మార్కులొస్తాయి. చదవడం వచ్చో రాదో తెలియాలంటే పిల్లవాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని చదివించాల్సిందే.

ప్రథమ్ 2005 నుంచి అసర్ (పల్లె పిల్లల చదువు స్థాయిని ఇంటింటికీ వెళ్లి కొలిచే) సర్వేలో వాడుతున్న పద్ధతి చాలా సులువు, తెలుగులోనూ ఉంది. ఒక కాగితం మీద విడి అక్షరాలు, చిన్న పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ ఉంటాయి. ముందు పేరా ఇవ్వండి. తడబడకుండా చదివితే కథ ఇవ్వండి. పేరా చదవలేకపోతే పదాలకు రండి. ఐదింటిలో నాలుగు చదివితే మళ్లీ ఒకసారి పేరా ప్రయత్నించనివ్వండి, అప్పటికీ రాకపోతే అతనిది పదం స్థాయి. పదాలూ రాకపోతే అక్షరాలు. అవీ రాకపోతే "ఏమీ రానివారు". ఒక్కొక్కరికి ఐదారు నిమిషాలు చాలు. మార్కులు వేయకండి, స్థాయి ఒక్కటే రాయండి.

తెలుగు పిల్లల విషయంలో ఒక చిన్న చేర్పు అవసరం. "పలక", "జడ" గడగడా చదివే పిల్ల "గుడ్లగూబ" దగ్గర ఆగిపోతుంది. పదం స్థాయిలో ఉన్నవాళ్లను సరళ పదాలవాళ్లు, ఒత్తుల పదాలవాళ్లు అని మీ సొంత వాడకానికి రెండుగా విడదీసుకోండి. గుంపులు చేసేటప్పుడు ఇది బాగా పనికొస్తుంది. పక్క బడితో పోల్చేటప్పుడు మాత్రం మామూలు ఐదు స్థాయిలే వాడండి.

వేగం గురించి ఒక మాట. 2021 జూలైలో మొదలైన నిపుణ్ భారత్ (చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు నేర్పే కేంద్ర కార్యక్రమం) లక్ష్యాల్లో మూడో తరగతి పూర్తయ్యేసరికి నిమిషానికి 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలని ఉంది. తెలుగులో "చదువుకుంటున్నప్పుడల్లా" అనేది ఒకే పదం. పదాలు లెక్కపెట్టి హడావుడిగా చదివిస్తే పిల్లలు పరుగు నేర్చుకుంటారు, అర్థం వదిలేస్తారు. నా మట్టుకు స్టాప్‌వాచ్ కన్నా కథ అయ్యాక అడిగే రెండు ప్రశ్నలకే ఎక్కువ విలువిస్తాను.

కొలిచేది ఎవరన్నది అన్నిటికన్నా ముఖ్యం. ఎవరి తరగతిని వాళ్లే పరీక్షించుకోకూడదు. టీచర్లు మోసం చేస్తారని అనడం లేదు. మన పిల్లవాడు తడబడుతుంటే మన నోటికి ఆ అక్షరం దానంతటదే వచ్చేస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2,400కు పైగా బడుల్లో అభిజీత్ సింగ్ చేసిన అధ్యయనంలో టీచర్లే నిర్వహించిన కాగితపు పరీక్షలు పిల్లల స్థాయిని ఎక్కువ చేసి చూపించాయని, ట్యాబ్ మీద పెట్టిన పరీక్షలు స్వతంత్రంగా కొలిచినదానికి దగ్గరగా ఉన్నాయని తేలింది. మనకు ట్యాబ్‌లు అక్కర్లేదు. అదే కాంప్లెక్సులో పక్క ఊరి బడితో మాట్లాడుకోండి. ఒక పూట వాళ్లు మీ పిల్లల్ని చదివిస్తారు, ఇంకో పూట మీరు వాళ్ల పిల్లల్ని. మొదటి ఐదుగురిని ఇద్దరూ విడివిడిగా కొలిచి స్థాయిలు కలుస్తున్నాయో లేదో చూసుకోండి. కలవకపోతే "తడబడటం" అంటే ఏమిటో ముందు ఒక మాటకు రండి.

ఇంకొన్ని జాగ్రత్తలు. పరీక్ష వరండాలోనో చెట్టు కిందో, మిగతా పిల్లలకు వినబడనంత దూరంలో జరగాలి. లేదంటే పదో పిల్లవాడికి కథ నోటికి వచ్చేసి ఉంటుంది. రెండు మూడు రకాల కాగితాలు పెట్టుకోండి. ఇంటి యాసలో పలికితే తప్పు కాదు. లంబాడీ, కోయ, గోండి మాట్లాడే ఇళ్ల పిల్లలు కథ చదివి తమ భాషలో జవాబు చెబితే అది అర్థమైనట్టే. భాష తెలిసిన పెద్ద పిల్లల సాయం తీసుకోండి. ఆ రోజు రానివాళ్లను వారంలోగా మళ్లీ కొలవండి. రానివాళ్లే సాధారణంగా వెనకబడి ఉంటారు, వాళ్లను వదిలేస్తే లెక్క ముస్తాబై కనిపిస్తుంది.

ఇదంతా అదనపు పని అనుకునేవాళ్లకు గుర్తుచేయాలి: ప్రతి పిల్లవాడి అభ్యసన సామర్థ్యాన్ని అంచనా వేసి, దాన్ని బట్టి అవసరమైతే అదనపు బోధన ఇవ్వడం విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ ప్రకారం టీచరు విధే.

నాలుగో అడుగు: జరిగిన గంటల లెక్క

టీచింగ్ డైరీలో రోజుకు ఒక్క గీత. గంట జరిగితే టిక్కు, జరగకపోతే కారణం. అంతకు మించి ఏమీ రాయొద్దు, రాయించొద్దు.

మన ఉదాహరణ బడిలో ఫిబ్రవరి ఆఖరుకు 120 గంటలు జరగాలి. డైరీ తిరగేస్తే 74 తేలాయి. పోయిన 46లో ట్రైనింగులు, మీటింగులు 15, టీచరు సెలవు పెట్టిన రోజులు 12, యాప్‌లో వివరాలు, ఫోటోలు ఎక్కించే పని 11, ఉత్సవాలు, రిహార్సళ్లు 8. ఈ నాలుగు అంకెలు మీ ప్రణాళికలో సగం రాసేసినట్టే. జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప విద్యేతర పనులకు టీచర్లను పెట్టకూడదని చట్టంలో 27వ సెక్షన్ ఉంది. కానీ యాప్ పనిని "విద్యేతరం" అని ఎవరూ ఒప్పుకోరు. వాదించడం కన్నా, ఆ పనిని ఆ గంటలో చేయకూడదని బడి లోపలే కట్టుబాటు పెట్టుకోవడం సులువు.

ఐదో అడుగు: ఫిబ్రవరిలో మళ్లీ కొలిచి లెక్క తేల్చడం

అదే పద్ధతి, అదే కష్టస్థాయి, వేరే పేరా, వేరే కథ, మళ్లీ పక్క బడివాళ్లే. జూలైలో 52 మందిని కొలిచారు. ముగ్గురు బడి మారారు. రెండు చోట్లా ఆ ముగ్గురినీ తీసేసి, రెండుసార్లూ కొలిచిన 49 మందినే లెక్కలోకి తీసుకోండి.

| స్థాయి | జూలై | ఫిబ్రవరి |
|---|---|---|
| ఏమీ రానివారు | 6 | 2 |
| అక్షరం | 12 | 7 |
| పదం | 13 | 12 |
| పేరా | 10 | 14 |
| కథ | 8 | 14 |
| మొత్తం | 49 | 49 |

పేరా, ఆపైన చదివేవాళ్లు 18 నుంచి 28కి పెరిగారు. అంటే 37 శాతం నుంచి 57 శాతానికి. ఇక్కడ ఆగిపోతే "20 శాతం వృద్ధి" అని బోర్డు రాసేయొచ్చు.

ఆగకండి. పక్క ఊరి బడిలో ఈ గంట లేదు. మీరు వెళ్లి కొలిచిన వాళ్ల 45 మందిలో పేరా, ఆపైన చదివేవాళ్లు 16 నుంచి 21 అయ్యారు. 36 నుంచి 47 శాతం. గంట లేకుండానే 11 పాయింట్లు. మీ 20లోంచి అది తీసేస్తే మిగిలేది 9. 49 మందిలో 9 శాతం అంటే నలుగురైదుగురు పిల్లలు. ఏడాది శ్రమకు ఇంతేనా అనిపిస్తుంది. కానీ జరగాల్సిన 120 గంటల్లో 74 మాత్రమే జరిగాయని గుర్తుంచుకుంటే, ఇది తీసిపారేసే ఫలితం కాదు.

పోల్చడానికి పక్క బడి దొరక్కపోతే నిరుడు ఇదే నెలలో మీ మూడో తరగతి పిల్లలు ఎక్కడున్నారో చూడండి. అది బలహీనమైన పోలిక. ఒక్కో ఏడాది తరగతి ఒక్కో రకంగా ఉంటుంది. అసలు పోలిక లేకపోవడం కన్నా నయం.

రెండు చోట్ల కాలు జారే ప్రమాదం ఉంది. చిన్న బడిలో ఒక్క పిల్లవాడే రెండు శాతం. పరీక్ష రోజు ఇద్దరికి జ్వరమొస్తే ఫలితం మారిపోతుంది, కాబట్టి మూడు నాలుగు పాయింట్ల తేడాలను పట్టించుకోకండి. రెండోది: జూలైలో మరీ వెనకబడినవాళ్లను మాత్రమే ఏరి కార్యక్రమంలో పెడితే, వాళ్లలో కొందరు ఆ రోజు భయపడో అనారోగ్యంతోనో చదవలేకపోయినవాళ్లై ఉంటారు. ఫిబ్రవరికి వాళ్లు ఎలాగూ పైకి వస్తారు. అది మీ ఘనత కాదు.

ఇక సగటు అంకెను పక్కన పెట్టి పేర్ల జాబితా తీయండి. ఒక్కో పేరు పక్కన జూలై స్థాయి, ఫిబ్రవరి స్థాయి. జూలైలో ఏమీ రానివాళ్లు, అక్షరం స్థాయివాళ్లు కలిపి 18 మంది. వాళ్లలో 9 మంది ఇంకా అక్కడే ఉన్నారు. కార్యక్రమం ఎవరికోసం పెట్టామో వాళ్లలో సగంమందికి అది చేరలేదు. నన్నడిగితే ఈ మూల్యాంకనంలో అన్నిటికన్నా విలువైన అంకె ఇదే.

ఆరో అడుగు: కదలని తొమ్మిది మంది

ఇక్కడ సర్వే ఫారాలు వద్దు. హాజరు రిజిస్టరు, టీచరు, ఇల్లు: మూడు చోట్ల వెతకండి. మన ఉదాహరణలో ఐదుగురి హాజరు సగం కన్నా తక్కువ. తల్లిదండ్రులు మిరప కోతలకు వెళ్తూ పిల్లల్ని వెంట తీసుకెళ్లారు. కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి గుంటూరు వైపు ఏటా సాగే ఈ వలస ఆ ప్రాంతపు టీచర్లందరికీ తెలిసిందే; పాలమూరు పల్లెలకూ వలస కొత్త కాదు. ముగ్గురు ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్లలు; బడిలో వాళ్లతో ఎవరూ ఆ భాషలో మాట్లాడరు. ఒకరికి బోర్డు సరిగా కనబడదు, ఆ సంగతి ఇప్పటిదాకా ఎవరూ గమనించలేదు.

మూడూ వేరు వేరు సమస్యలు. "వెనకబడిన పిల్లలకు అదనపు తరగతులు" అని ప్రణాళికలో ఒక్క లైను రాస్తే మూడింటిలో ఏ ఒక్కటీ తీరదు. బడిలో లేని పిల్లవాడికి అదనపు తరగతి ఎవరు చెబుతారు?

స్థాయిలు కొలిచి టీచర్లకు ఇస్తే చాలు, మిగతాది వాళ్లే చూసుకుంటారనే నమ్మకం కూడా తప్పే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ దీన్ని పరీక్షించారు. బడులకు పిల్లల బలాబలాల నివేదికలిచ్చారు, అప్పుడప్పుడూ వచ్చి తరగతులు గమనించారు. గమనించే రోజున టీచర్లు ఎక్కువ కష్టపడ్డారు గానీ, ఆ బడుల పిల్లల మార్కులు మిగతా బడుల కన్నా మెరుగవలేదు. థర్మామీటరు పెట్టినంత మాత్రాన జ్వరం తగ్గదు.

ఏడో అడుగు: ఎస్‌ఎంసీ ముందు పెట్టడం

చట్టం ప్రకారం యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, మొత్తంలో సగం మంది మహిళలు ఉండాలి. తెలంగాణలో 2024లో మహిళా సంఘాల నాయకత్వంలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు కూడా వచ్చాయి. కమిటీ ఏదైనా, పగలు పదకొండు గంటలకు మీటింగు పెడితే కూలికి వెళ్లే తల్లి రాదు. పొద్దు వాలాక పెట్టండి.

శాతాలు చెప్పకండి. ఆ కథ కాగితం చేతికివ్వండి: "అమ్మా, ఇది రెండో తరగతి కథ. మన ఐదో తరగతి పిల్లల్లో ఇంతమంది దీన్ని చదవలేకపోతున్నారు." చదువు రాని తల్లి కూడా ఆ మాట పట్టుకుంటుంది. పిల్లల పేర్లు మాత్రం సభలో చదవొద్దు. ఎవరి పిల్లల సంగతి వాళ్లకు విడిగా, మర్యాదగా చెప్పండి. పోయిన 46 గంటల లెక్క కూడా దాచకుండా పెట్టండి. టీచర్లకు ఇబ్బందిగా ఉంటుంది, నిజమే. కానీ ఆ లెక్క చూసిన కమిటీయే "బతుకమ్మ రిహార్సళ్లు సాయంత్రం పెట్టుకోండి సార్" అంటుంది.

కోతలకు వెళ్లే ఇళ్లతో ఆ రాత్రే మాట్లాడండి. పిల్లవాణ్ని అవ్వ దగ్గర వదిలి వెళ్లగలరా, మండలంలో సీజనల్ హాస్టల్ తెరుస్తారా, వెళ్లిన ఊళ్లో దగ్గరి బడిలో కూర్చోబెట్టగలరా అన్నది ఇంటింటికీ వేరు. తేలిన మాటను మినిట్స్ బుక్కులో తీర్మానంగా రాయించి సంతకాలు తీసుకోండి.

ఎనిమిదో అడుగు: మూడేళ్ల ప్రణాళిక

పాఠశాల అభివృద్ధి ప్రణాళిక రాయడం విద్యాహక్కు చట్టం 22వ సెక్షన్ ప్రకారం కమిటీ బాధ్యత. కేంద్రం ఇచ్చిన నమూనా నిబంధనల్లో అది మూడేళ్లకు, ఏడాదికొక ఉపప్రణాళికతో ఉండాలని చెప్పారు. తరగతుల వారీగా పిల్లల అంచనా, అదనంగా కావలసిన టీచర్లు, గదులు, సామగ్రి, నిధులు అందులో ఉండాలి. ఆర్థిక సంవత్సరం ముగిసేలోపు స్థానిక సంస్థకు ఇవ్వాలి. ఈ భాగం కోసం యూడైస్ (బడుల వివరాల ప్రభుత్వ డేటాబేసు) వివరాలు దగ్గర పెట్టుకుంటే గంటలో పూర్తవుతుంది. బడులు తమను తామే మదింపు చేసుకునే జాతీయ చట్రం శాలా సిద్ధిలో ఏడు రంగాలు, 46 ప్రమాణాలు ఉన్నాయి. అది అడిగితే నింపండి, కానీ 46 లక్ష్యాలు పెట్టుకోకండి. మూడు చాలు.

గదుల లెక్క పక్కన ఒక పేజీ విడిగా పెట్టండి. బడికి అసలు ప్రణాళిక అదే. మన ఉదాహరణ బడికి అది ఇలా వస్తుంది.

మొదటి ఏడాది: చదివే గంటను 74 నుంచి 100కు తేవాలి. ఉదయం మొదటి పీరియడే ఆ గంట. భోజనం తర్వాత పెడితే అది ఎప్పటికీ మిగలదు. ఆ సమయంలో ఏ యాప్ తెరవకూడదు. ఒక టీచరు సెలవులో ఉంటే మిగతా ఇద్దరూ మూడు గుంపుల్ని రెండుగా కలిపి నడుపుతారు, గంట ఆగదు. వలస వెళ్లే ఐదు ఇళ్ల బాధ్యత పేరు పెట్టి ఒక టీచరుకు, ఒక కమిటీ సభ్యురాలికి. లంబాడీ పిల్లలకు మొదటి నెలలు కథలు వాళ్ల భాషలో చెప్పడానికి తండా నుంచి వారానికి రెండు రోజులు ఎవరైనా వచ్చే ఏర్పాటు. చూపు పరీక్షకు ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ కార్యక్రమం) బృందం వచ్చే రోజు ముందే తెలుసుకుని పెట్టుకోవడం.

రెండో ఏడాది: అదే గంట ఒకటి, రెండు తరగతులకు. మూడో తరగతిలో మళ్లీ అక్షరాలు చెప్పాల్సి రావడానికి కారణం ఒకటి, రెండులో ఉంది. పై తరగతుల్లో ఎంత మరమ్మతు చేసినా కింద నుంచి కొత్తవాళ్లు వస్తూనే ఉంటారు.

మూడో ఏడాది: మూడో తరగతిలోకి వచ్చేవాళ్లలో అక్షరం స్థాయివాళ్లు తగ్గితే, పై తరగతుల గంటలో సగాన్ని తీసివేత, భాగహారాలకు మళ్లించాలి. తగ్గకపోతే మళ్లించకూడదు. ఈ షరతును ఇప్పుడే రాసిపెట్టుకోండి, అప్పటి ఉత్సాహానికి వదిలేయకండి.

నాలుగో శీర్షిక ఒకటి ఉండాలి, దాదాపు ఏ ప్రణాళికలోనూ కనిపించదు: "ఏం మానేస్తాం". బడి సమయం పెరగదు. కొత్త గంట ఎక్కడినుంచో రావాలి. బోర్డు మీది జవాబులు నోటుపుస్తకంలోకి ఎక్కించుకునే పీరియడు, రోజూ రాయించే మూడు పేజీల కాపీ రైటింగు, వీటిలో ఏది వదులుతారో టీచర్లు ముగ్గురూ కూర్చుని తేల్చాలి. ఈ శీర్షిక ఖాళీగా ఉంటే మొదటి శీర్షిక కూడా అబద్ధమే.

డబ్బు సంగతి. బడి చదువుకు కేంద్రం నడిపే సమగ్ర శిక్ష పథకంలో మిశ్రమ పాఠశాల గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది: 30 మంది వరకు 10,000 రూపాయలు, 31 నుంచి 100 వరకు 25,000, 101 నుంచి 250 వరకు 50,000, 251 నుంచి 1,000 వరకు 75,000, ఆపైన లక్ష. మన 84 మంది బడికి 25,000. అందులో కనీసం పది శాతం, అంటే 2,500, పరిశుభ్రతకు. కరెంటు, చాక్‌పీసులు, చిన్న మరమ్మతులు పోగా కథల పుస్తకాలకూ జిరాక్సులకూ మిగిలేది కొద్దిగానే. పైన రాసిన పనుల్లో చాలావాటికి రూపాయి అక్కర్లేదని గమనించే ఉంటారు. గోడ కోసం అడిగే ఫైలు వేరు, దాన్ని ఆపొద్దు. కానీ గోడ వచ్చేదాకా చదువు ఆగాల్సిన పని లేదు.

లక్ష్యాల్లో "నూరు శాతం" అని రాయకండి. మొదటి ఏడాదికి "కదలని తొమ్మిది మందిలో ఆరుగురు పదం స్థాయి దాటాలి" అంటే టీచరు కళ్ల ముందు ముఖాలు మెదులుతాయి.

బడి స్వరూపమే మారిపోవచ్చని కూడా రాసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నాటి జీఓ 117తో చాలా చోట్ల మూడు నుంచి ఐదు తరగతులు హైస్కూళ్లకు తరలాయి, 2025లో ఆ విధానం మళ్లీ మారింది. చట్టం లెక్కలో 61 నుంచి 90 మంది దాకా ముగ్గురు టీచర్లు. 60కి పడితే ఇద్దరే. జూన్ నాటికి పిల్లలు తగ్గి ఒక పోస్టు పోతే గుంపులు ఎలా చేస్తారో రెండు లైన్లలో ఉంటే చాలు.

తొమ్మిదో అడుగు: ఏడాదికి మూడుసార్లు అరగంట సమీక్ష

అక్టోబరులో, సంక్రాంతి సెలవుల తర్వాత, ఫిబ్రవరి కొలత అయ్యాక. అజెండా ఎప్పుడూ మూడే: గంటలు ఎన్ని జరిగాయి, తొమ్మిది మంది ఎక్కడున్నారు, ఎవరికి అప్పగించిన పని ఆగింది. ఆగిన పని ఉంటే ఎందుకని విచారణ పెట్టకండి, ఎవరు ఎప్పటికి పూర్తి చేస్తారో తిరగరాయండి. వరుసగా రెండు సమీక్షల్లో గంటలు నెలకు పది కూడా దాటకపోతే, కార్యక్రమం పనిచేయడం లేదని చెప్పే ముందు అసలు అది జరగడం లేదని ఒప్పుకోండి.

బదిలీలు ఉంటాయి. హెచ్ఎం మారిన రోజున చార్జి లిస్టులో బెంచీలు, బీరువాలు, గ్యాస్ పొయ్యి వరుసగా రాస్తారు. ఆ లిస్టులోనే పిల్లల స్థాయిల షీటు, గంటల డైరీ, ఒక పేజీ ప్రణాళిక, ఎస్‌ఎంసీ తీర్మానం నంబరు కూడా రాసి కొత్తవారి సంతకం తీసుకోండి. ఫిబ్రవరి స్థాయిలు జూన్‌లో కొత్త తరగతి హాజరు రిజిస్టరులో పేర్ల పక్కన పెన్సిలుతో ఎక్కించండి. జూన్ 12న బడి తెరిచి, అడ్మిషన్లు, పుస్తకాల పంపిణీ సద్దుమణిగాక, జూలై మొదటి వారంలో మళ్లీ కొలవాలి. పక్క బడి హెచ్ఎంతో ఆ తేదీ ఏప్రిల్‌లోనే మాట్లాడి పెట్టుకోండి.